కందెన నుంచి బ్రేకు ఆయిలు దాకా

మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరును ఆ పేరుతో పిలిచేవారిని మన ప్రాంతంలో నేను ఎక్కువగా చూడలేదు. అందరికీ ఆయన బ్రేకు ఇన్‌స్పెక్టరే. లైసెన్సు పరీక్ష పెట్టేదీ ఆయనే, ఒకప్పుడు లారీకి ఎఫ్.సి. ఇచ్చేదీ ఆయనే, లైట్లూ హారనూ టైర్లూ చూసేదీ ఆయనే. అయినా జనం ఆయన హోదాలో ఒక్క బ్రేకునే నిలిపి మిగిలినవన్నీ వదిలేశారు. ఆలోచిస్తే జనానికి పొరపాటేమీ లేదనిపిస్తుంది. బండి కదలకపోతే నష్టం డబ్బుతో పోతుంది, ఆగకపోతే డబ్బుతో పోదు.

మన సంఘం ప్రత్యేక సంచికకు పాతకాలం సంగతి ఏదైనా రాయమన్నప్పుడు, మిత్రులు చాలామంది 1942 ఆగస్టు 12 తెనాలి కాల్పుల గురించో నాటక సమాజాల గురించో రాస్తారని నాకు తెలుసు. అవి రాయగలవారు రాయాలి. నేను తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ ఆఫీసు వాహనాల లాగ్ బుక్కులూ ఓచర్లూ చూసినవాణ్ణి. కనుక నాకు తెలిసిన ఒక చిన్న సంగతి రాస్తున్నాను. మోటారు బండి బ్రేకుకు ఎక్కడ నూనె వేయాలి, ఎక్కడ వేయకూడదు అన్నదే ఆ సంగతి. చిన్నదే గానీ దీనిమీద ప్రాణాలు ఆధారపడ్డాయి. నాకు తెలిసిన ఒక డ్రైవరు పెన్షను కూడా దీనిమీదే ఆధారపడింది.

మోటారు రాకముందు మనకు తెలిసిన బండి ఎడ్లబండి. దానికి బ్రేకు లేదు. ఎడ్లే బ్రేకు. పగ్గం బిగించి "హో" అంటే ఎడ్లు కాడిని కొమ్ముల దగ్గర ఆపుకుని బరువును నిలబెట్టేవి. కొండదారుల్లో తిరిగే బళ్లకు చక్రానికి ఒరుసుకునే చెక్క పెట్టేవారట గానీ, మన కృష్ణా డెల్టా అరచేయిలాంటి నేల. దిగుడు లేని చోట బ్రేకు ధ్యాస ఎవరికి వస్తుంది? మనవాళ్లకు ఉన్న ధ్యాసంతా కందెన మీదే. ఆముదంలో గడ్డిమసి కలిపి, వెదురు గొట్టంలో పోసి బండి కింద వేలాడదీసేవారు. కిర్రుమన్నప్పుడల్లా సీల తీసి, చక్రం కొంచెం బయటికి లాగి, ఇరుసుకు పూసేవారు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్న సామెత ఊరికే పుట్టలేదు. చప్పుడు వినబడితే నూనె పూయాలి అన్నది తరతరాలుగా మన చేతికి అలవాటైపోయిన పాఠం. ఆ పాఠం మోటారు కారు దగ్గర కొంతవరకే పనికివచ్చింది.

తొలినాళ్ల కార్లలో లోకమంతా తెలిసినది ఫోర్డు కంపెనీవారి మోడల్ టి. 1908 నుంచి 1927 దాకా కోటీ యాభై లక్షల బళ్లు తయారయ్యాయి. నేటి డ్రైవరును అందులో కూర్చోబెడితే బండి కదిలించలేడు. కాళ్ల దగ్గర మూడు పెడళ్లు. ఎడమది గేరుకు, నడిమిది వెనక్కి నడపడానికి, కుడిది బ్రేకుకు. వేగం పెంచడానికి స్టీరింగు కింద చేతిమీట ఉండేది. కుడి పెడలు తొక్కితే నేరుగా చక్రాన్ని పట్టేది కాదు. గేరుపెట్టెలో తిరిగే ఒక డ్రమ్మును చుట్టూ ఉన్న పట్టీ బిగించేది. ఆ పట్టీ లోపలివైపు నూలు అల్లిక ఉండేది. అది ఇంజను నూనెలో తడుస్తూనే పనిచేయాలి. నూనె తగ్గితే అల్లిక మాడేది. అంటే ఈ ఒక్క కారులో బ్రేకుకు నూనె కావలసిందే. నూనె మట్టం చూడటానికి ఇప్పటిలా పుల్ల లేదు. బండి కిందికి దూరి, ఒకదాని కింద ఒకటి ఉన్న రెండు చిన్న కుళాయిలు తిప్పాలి. మట్టం ఆ రెంటి నడుమ ఉండాలి. పట్టీ అరిగితే మూత తీసి నట్టు బిగించాలి. బ్రేకు పట్టీ అరుగుతుందని తెలివైన డ్రైవర్లు వెనక్కి నడిపే పెడలును కొంచెం కొంచెం తొక్కి బండిని నెమ్మదింపజేసేవారు. వెనక చక్రాలకు చేతిబ్రేకు వేరుగా ఉండేది. ఇరుసు విరిగితే కాలి బ్రేకు ఎందుకూ పనికిరాదు, ఆ చేతిబ్రేకే దిక్కు.

ఒకటి పోయినా రెండోది ఆపాలి అన్నది పాత నియమం. ఇంగ్లండులో 1904 నాటి ఉత్తర్వులోనే మోటారు కారుకు ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు బ్రేకులు ఉండాలని రాశారు. మన దేశానికి 1914లో ఒక మోటారు చట్టం, 1939లో మరొకటి, 1988లో ఇప్పటిది వచ్చాయి. 1989 కేంద్ర నిబంధనల్లోనూ కాలి బ్రేకు, నిలుపుడు బ్రేకు రెండూ ఉండితీరాలి.

ఫోర్డు సంగతి అలా ఉంచితే, మిగతా పాత కార్లలో చాలావాటికి వెనక చక్రాల డ్రమ్ము మీద బయటినుంచి బిగిసే పట్టీ ఉండేది. అది గాలికీ, వానకీ, బురదకీ బాహాటం. ఫ్రాన్సులో లూయీ రెనో 1902లో బ్రేకు దిమ్మలను డ్రమ్ము లోపల పెట్టే పద్ధతికి దారి చూపాడు. ఇక ఆ దిమ్మలకు ఏ తొడుగు వేయాలన్నది ఇంకో సమస్య. తోలు వేసి చూశారు, నూలు వేసి చూశారు. ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన 1897 ప్రాంతంలో కొండదారిలో బళ్లవాళ్లు బ్రేకు దిమ్మలకు పాత బూట్ల తోలు తొడగటం చూసి, ఇంతకంటె మంచిది చేయవచ్చుగదా అని మొదలుపెట్టాడు. ఫెరోడో లైనింగులు ఆయనవే. 1908లో ఆస్‌బెస్టాస్ వాడకం మొదలైంది. వేడికి మాడదు, త్వరగా అరగదు. లోకమంతా దానివైపే తిరిగింది. దాని మరో ముఖం గురించి చివర చెబుతాను.

ఈ ఎండు లైనింగు రావడంతోనే నూనె లెక్క తలకిందులైంది. లైనింగు డ్రమ్మును ఒరుసుకుని పట్టాలి. వాటి నడుమ నూనె చేరితే పట్టు జారిపోతుంది. కానీ పెడలు నుంచి చక్రం దాకా ఉన్న కడ్డీలు, పిన్నులు, అడ్డ ఇరుసు, తొడుగులో జారే తీగ, దిమ్మలను విడదీసే కామ్ కుదురు మాత్రం ఎండిపోతే తుప్పుపట్టి బిగుసుకుంటాయి. అంటే ఒకే బ్రేకులో సగానికి నూనె ప్రాణం, మిగతా సగానికి విషం.

నేను 1972లో ఉద్యోగంలో చేరేనాటికి మా ఆఫీసులో ఒక పెద్ద డ్రైవరు ఉండేవారు. 1930లలో కుర్రవాడిగా తెనాలి స్టేషను దగ్గర టాక్సీకి క్లీనరుగా చేరి, యుద్ధకాలంలో పెట్రోలు రేషను వచ్చినప్పుడు బొగ్గు గ్యాసుతో నడిచే బస్సులు నడిపి, తర్వాత సర్కారు ఉద్యోగంలోకి వచ్చిన మనిషి. తన చిన్ననాట ఒక మోతుబరి కారు కొన్న సంగతి ఆయన చెప్పేవారు. ఎడ్లబండి తోలే పాలేరునే కారు కడగడానికి పెట్టారట. అతను నమ్మకస్తుడు, పనిమంతుడు. రెండోవారంలో వెనక చక్రం దగ్గర కిర్రుమన్న చప్పుడు విని, కందెన గొట్టం తెచ్చి పట్టీకి నిండా ఆముదం పట్టించాడు. చప్పుడు పోయింది. సాయంత్రం కారు కాలువ మలుపు దగ్గర ఆగకుండా పోయి నిజాంపట్నం కాలువలో దిగింది. వేసవి కావడంతో మోకాల్లోతు నీళ్లే ఉన్నాయి, ప్రాణాలు దక్కాయి. "బాబూ, బండి అరిస్తే నూనె అడుగుతోందని అర్థం. బ్రేకు అరిస్తే లైనింగు అడుగుతోందని అర్థం" అనేవారు ఆయన. ఆ మాటకు నేను మొదట నవ్వాను గానీ, తర్వాత ఓచర్లు పాసు చేసేటప్పుడు చాలాసార్లు గుర్తుకు వచ్చింది.

ఆ పెద్దాయన చెప్పిన పద్ధతి ఇది. కడ్డీల పిన్నులను నెలకొకసారి కిరసనాయిలుతో కడిగి, ఒక్కొక్క చుక్క నూనె వేసి, పైన కారినది గుడ్డతో తుడిచేయాలి. తీగను తొడుగులోంచి లాగి గ్రాఫైటు కలిపిన గ్రీజు పట్టించాలి. కామ్ కుదురుకు అగ్గిపుల్ల తలంత గ్రీజు చాలు. వెనక ఇరుసు పెట్టెలో నూనె గుర్తును మించి పోయకూడదు. ఎక్కువ పోస్తే మేలనుకుంటారు గానీ, ఎక్కువైన నూనె ఇరుసు వెంట పాకి, ఫెల్టు బిళ్లను దాటి, డ్రమ్ములోకి చేరుతుంది. లైనింగు ఒకసారి నూనె తాగిందంటే పెట్రోలుతో ఎంత కడిగినా లోపలిది వేడికి మళ్లీ పైకి ఊరుతుంది. మార్చడమే మందు. ఇక చక్రాలన్నీ ఒకేలా పట్టేటట్టు సర్దడం అన్నిటికంటె ఓపిక పని. జాకీ మీద లేపి, చేత్తో తిప్పి, ఒక్కొక్కటి సరిచూడాలి. ఒకవైపు బిగువైతే బండి అటే లాగుతుంది. మన కాలువ కట్టల మీద ఒకవైపు లాగడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ముందు చక్రాలకు బ్రేకు రావడానికి కూడా కాలం పట్టింది. పెడితే బండి బోర్లాపడుతుందని భయపడ్డారు. 1922లో వచ్చిన చిన్న ఆస్టిన్ కారుకు నాలుగు చక్రాలకూ బ్రేకులున్నా, మొదట్లో కాలితో తొక్కితే వెనకవి, చేత్తో లాగితే ముందువి పట్టేవి. 1930లో గానీ రెంటినీ కలపలేదు. నాలుగు చక్రాల బ్రేకులున్న కార్లు చటుక్కున ఆగిపోతాయి, వెనకవాళ్లు జాగ్రత్తపడండి అని ఇంగ్లండులో వెనక ఎర్ర త్రికోణం కట్టుకునేవారు. ఇప్పుడు తలచుకుంటే నవ్వు వస్తుంది.

మన నేల పల్లమెరక లేనిది గనక బ్రేకుకు పని తక్కువని అనుకోవచ్చు. నేను మూడు ఊళ్లలోనూ లాగ్ బుక్కులు చూశాను, ఒక్కొక్క ఊరు బ్రేకును ఒక్కొక్క రకంగా తింటుంది. తెనాలి మూడు కాలువల ఊరు. వంతెన ఎక్కడం, దిగడం, వెంటనే మలుపు. దుగ్గిరాల లాకుల వైపు పోయినా ఇదే వరస. లైనింగు అరుగుదల అక్కడే ఎక్కువ. బాపట్లకు సూర్యలంక సముద్రం తొమ్మిది కిలోమీటర్ల దూరమే. ఉప్పుగాలికి చేతిబ్రేకు తీగలు తుప్పుపట్టి బిగుసుకునేవి. అక్కడ తీగకు గ్రీజు నెలకు రెండుసార్లు పట్టించేవారు. రేపల్లెది బురద. వరి కోతల రోజుల్లో చప్టా మీద నీళ్లలో దిగి వచ్చిన జీపు మొదటి ఫర్లాంగు అసలు ఆగదు. బ్రేకును కొద్దిగా తొక్కిపట్టి నడుపుతూ లైనింగు ఆరబెట్టుకోవాలి. పెనుమూడి రేవులో పంటు మీద జీపు ఎక్కించినప్పుడు చేతిబ్రేకు వేసినా చక్రాల కింద రాళ్లు పెట్టకుండా డ్రైవరు దిగేవాడు కాదు. దానికి కారణం ఉంది. ఆ జీపులకు చేతిబ్రేకు చక్రాలను కాక, గేరుపెట్టె వెనక ఉన్న డ్రమ్మును పట్టేది. పక్కనున్న సీలు కారితే నూనె నేరుగా దానిమీదే పడుతుంది. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత ఉప్పునీట మునిగిన వాహనాల డ్రమ్ములు సుత్తితో కొడితే గానీ ఊడిరాలేదు. అప్పుడు చేయాల్సిన పనులు చూస్తే వాహనాల సంగతి ఎవరికీ పట్టే పరిస్థితి కాదు. అయినా శవాలనూ బియ్యాన్నీ మోయడానికి ఆ వాహనాలే కావలసి వచ్చాయి.

ఇక కడ్డీల కాలం పోయి నూనె ఒత్తిడి బ్రేకు రావడం. మాల్కమ్ లాకీడ్ అమెరికాలో 1917లో దానికి పేటెంటు తీసుకున్నాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్, 1924లో క్రైస్లర్ కార్లకు అమర్చారు. హెన్రీ ఫోర్డు మాత్రం ఉక్కు కడ్డీనే నమ్మి, 1939 దాకా ఒప్పుకోలేదు. యుద్ధం తర్వాత మన ఊళ్లకు వచ్చిన డిస్పోజల్ జీపులు, 1947 నుంచి మహీంద్రావారు బిగించినవి, 1957లో వచ్చిన అంబాసిడరు, అన్నీ ఈ పద్ధతివే. పెడలు తొక్కితే మాస్టరు సిలిండరులోని ద్రవం గొట్టాల్లో ఒత్తిడి పుట్టించి నాలుగు చక్రాల దగ్గరా ఒకే బలంతో దిమ్మలను తోస్తుంది. సరిచూసే చాకిరీ చాలావరకు తగ్గింది. గొట్టంలో గాలి చేరితే మాత్రం పెడలు మెత్తగా స్పంజిలా దిగుతుంది. అప్పుడు షెడ్డు కుర్రవాడు సీట్లో కూర్చుని పెడలు కొడుతుంటే, మేస్త్రీ కింద పడుకుని "కొట్టు, పట్టు, వదులు" అంటూ గాలి తీయడం మనమందరం చూసిందే.

ఇందులో నాకు ఎప్పుడూ ముచ్చట గొలిపే సంగతి ఒకటుంది. ఆ తొలినాటి బ్రేకు ద్రవం ఏమిటనుకున్నారు? ఆముదమే. చిక్కగా ఉంటుందని ఆల్కహాలు కలిపి పలచన చేసేవారు. లోపలి కప్పులు సహజ రబ్బరువి. ఖనిజ నూనె తగిలితే ఆ రబ్బరు ఉబ్బిపోతుంది, ఆముదానికి ఉబ్బదు. మన వెదురు గొట్టంలో ఉన్న సరుకే లాకీడు గొట్టంలోకి చేరిందన్నమాట. తర్వాత గ్లైకాలు ద్రవాలు వచ్చి ఆముదాన్ని పక్కకు నెట్టాయి. వాటికీ ఖనిజ నూనెకూ చుట్టరికం లేదు. కానీ మన జనం దాన్ని బ్రేకు ఆయిలు అన్నారు, ఇప్పటికీ అంటున్నారు. ఆ ఆయిలు అన్న మాటే కొంప ముంచింది.

1981లో ఒక ఆఫీసులో జరిగింది చెబుతాను. ఆఫీసు పేరూ మనుషుల పేర్లూ అవసరం లేదు. జీపులో బ్రేకు ద్రవం తగ్గిందని డ్రైవరు దారిలో ఒక ప్రైవేటు షెడ్డులో ఆపాడు. అక్కడి కుర్రవాడు చేతికి అందిన డబ్బాలోంచి ఇంజను ఆయిలు పోశాడు. నాలుగు రోజులు బాగానే నడిచింది. అయిదో రోజు పెడలు గట్టిపడి, బ్రేకులు వదలకుండా పట్టుకుని, డ్రమ్ములు కాలడం మొదలైంది. రబ్బరు కప్పు ఉబ్బి, ద్రవం వెనక్కి పోయే రంధ్రాన్ని మూసేసిందన్నమాట. ఆ సాయంత్రం లాకుల దగ్గర మలుపులో కప్పు చినిగి పెడలు నేలకు తగిలింది. జీపు కట్ట దిగి పల్టీ కొట్టింది. వెనక కూర్చున్న లస్కరు కాలు విరిగి, ఆ తర్వాత జీవితమంతా కుంటుతూనే నడిచాడు. డ్రైవరుకు పక్కటెముకలు విరిగాయి. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి సస్పెన్షను ఉత్తర్వూ, అజాగ్రత్తగా నడిపాడన్న చార్జి మెమో సిద్ధంగా ఉన్నాయి.

అతన్ని కాపాడింది లాగ్ బుక్కు. అతను చదివింది అయిదో తరగతి. అయినా ఆనాటి పేజీలో తేదీ, కిలోమీటర్లు వేసి, బ్రేకు ఆయిలు తక్కువగా ఉన్నందున షెడ్డులో పోయించానని తన చేతిరాతతో రాసుకున్నాడు. జతపరిచిన ఓచరులో షెడ్డువారు రాసింది ఇంజను ఆయిలు అర లీటరు అని. ఇంజను ఆయిలు మార్చినట్టు అంతకు వారం ముందే వేరే ఓచరు ఉంది. మరి ఈ అర లీటరు ఎక్కడికి పోయినట్టు? బ్రేకు ఇన్‌స్పెక్టరు మాస్టరు సిలిండరు విప్పి, ఉబ్బి చినిగిన కప్పులు చూసి రిపోర్టు ఇచ్చాడు. ఓచరూ రిపోర్టూ పక్కపక్కన పెట్టాక విచారణాధికారికి సందేహం మిగల్లేదు. చార్జి కొట్టివేస్తూ, సస్పెన్షను కాలాన్ని డ్యూటీగా పరిగణిస్తూ ఉత్తర్వు వచ్చింది. ఆ ఒక్క వాక్యం విలువేమిటో మన పాఠకులకు నేను వివరించనక్కరలేదు. పూర్తి సర్వీసుతో రిటైరయ్యాడు. ఇప్పుడు అతని భార్య కుటుంబ పెన్షను తీసుకుంటోంది.

ఇళ్లలో కార్లున్న మిత్రులకు ఒక మాట. నేటి బ్రేకు ద్రవం డబ్బా మీద డాట్ 3, డాట్ 4 అని రాసి ఉంటుంది. గ్లైకాలు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ తాగాక ఆ పరిమితి 140కి దిగుతుంది. మరిగితే గొట్టంలో ఆవిరి చేరి పెడలు దిగిపోతుంది. మన డెల్టా గాలిలో తేమకు కొదవా? అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. మూత తీసి అటక మీద పెట్టిన డబ్బాను పొదుపు చేయకండి. మనవాళ్లకు పారేయడమంటే మనసొప్పదని తెలిసే రాస్తున్నాను.

ఆస్‌బెస్టాస్ సంగతి మిగిలింది. పాత రోజుల్లో మేస్త్రీ డ్రమ్ము విప్పగానే మొదట చేసే పని నోటితోనో గాలి గొట్టంతోనో దుమ్ము ఊదడం. బూడిదరంగు దుమ్ము షెడ్డంతా లేచేది. టీ గ్లాసులు అక్కడే ఉండేవి, పిల్లలు అక్కడే ఆడుకునేవారు. పాత లైనింగు తీసి రాగి రివెట్లతో కొత్తది కొట్టి, అంచులు ఆకురాయితో రుద్దినప్పుడూ అదే దుమ్ము. అందులోని సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో దిగి, ఇరవై ముప్పయి ఏళ్లకు గానీ బయటపడని జబ్బులు తెస్తాయని తర్వాత తేలింది. మన ప్రాణాలు కాపాడిన లైనింగు దాన్ని బిగించినవాడి ఊపిరిలోకి చేరిందన్నమాట. 1995లో సుప్రీంకోర్టు ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో, కార్మికుని ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని చెప్పింది. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును ఉద్యోగం మొదలైన నాటినుంచి 40 ఏళ్లు గానీ, మానిన తర్వాత 15 ఏళ్లు గానీ, ఏది ఆలస్యమైతే అంతవరకు ఉంచాలని ఆదేశించింది. మంచి ఉత్తర్వు. అది ఫ్యాక్టరీల్లో హాజరుపట్టీ ఉన్నవారికి వర్తించింది. మన తెనాలి షెడ్డుల్లో పన్నెండో ఏట చేరి డ్రమ్ములు ఊదిన కుర్రవాళ్ల పేర్లు ఏ రిజిస్టరులోనూ లేవు. వాళ్లలో ఎవరైనా మీ వీధిలో ఉండి, ఈనాటికీ పాత బళ్ల బ్రేకులు విప్పుతుంటే, దుమ్ము ఊదవద్దని, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను మూటగట్టి పారేయమని చెప్పండి.